అమ్మ గదిలో ఆంప్లిఫయరు

వయొలిన్ వాయించే మనిషి విల్లు ఎత్తేముందు ఊపిరి పీల్చుకున్న చప్పుడును పట్టుకోగలిగిన చెవికి, నాలుగడుగుల అవతల వంటింట్లోంచి భార్య పిలిచిన పిలుపు ఎందుకు వినబడదు? చెవి వైద్యులు ఈ ప్రశ్నను తప్పించుకున్నారు. శబ్దశాస్త్రం చదివినవారు తప్పించుకున్నారు. ఈ ప్రశ్నకు మూలపురుషుడైన మిల్లీగ్రాము గారైతే తనకు అసలు ప్రశ్నే వినబడలేదన్నారు.

మిల్లీగ్రాము కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. ఆయన తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు. త్రాసు ముల్లు వెంట్రుకవాసి పక్కకు ఒరిగితే చాలు, ఎంతటి దుకాణదారుకైనా ముచ్చెమటలు పోయించగలడు. అంత నిక్కచ్చి మనిషి సొంత గడప దాటగానే మాటలో ఎంత తరుగు తీస్తాడో చెప్పడానికే ఈ కథ.

ఆయన హాల్లో రెండు స్పీకర్లు ఉండేవి. మనిషంత ఎత్తు, మనిషిని మించిన బిగువు. భార్య వాటికి ద్వారపాలకులని పేరు పెట్టింది. పాట మెల్లగా నడిచినంతసేపు బుద్ధిగానే ఉండేవి. డోలు మీద ఒక్క గట్టి దెబ్బ పడిందా, కరెంటు కోసం రెండూ ఒక్కసారిగా నోరు తెరిచేవి. ఇంట్లో ఉన్న పాత ఆంప్లిఫయరు ఆ ఆకలికి తాళలేక ‘టక్’మని కళ్ళు తేలేసేది. ఆ ఇంట్లో పల్లవి దాటి చరణం విన్నవాళ్ళు లేరు.

“ఏమండీ, మళ్ళీ ఆగిపోయిందేం?”

“ఆగిపోలేదు. లోడు ఎక్కువైతే ఆంప్లిఫయరు తనను తాను కాపాడుకుంటుంది.”

“దానికున్నపాటి తెలివి కొన్నవాళ్ళకు లేకపోయింది.”

అక్కడితో ఆగక ఆవిడ శాసనం కూడా చేసింది. “ఈ హాల్లోకి ఇంకొక్క పాటల పెట్టె వచ్చిందంటే, దాన్ని బోర్లించి మీద పూలకుండీ పెడతాను. చెప్పలేదనకండి.”

పూలకుండీతో సరిపోయేదే. మధ్యలో ఆవిడ తమ్ముడు తయారయ్యాడు. పళ్ళ డాక్టరు, ఊళ్ళోవాళ్ళ నోళ్ళు తెరిపించే వృత్తిలో ఉండి, తన నోరు మూసుకోవడం నేర్చుకోలేదు.

“భలే ఉన్నాయి బావా నీ స్పీకర్లు! ఒకదాని మీద తువ్వాలు, ఒకదాని మీద చొక్కా. వానాకాలంలో బట్టలకు దిగులే లేదు.”

మిల్లీగ్రాము ముఖం చెవులతో సహా ఎర్రబడింది. “ఆదివారం రా. ఒక పాట మొదటినుంచి చివరిదాకా, పూర్తి గొంతుతో వినిపిస్తా. మధ్యలో ఆగిందా, ఈ రెండూ నీవే. మోసుకుపో.”

“మాట మీద ఉంటావా?”

“నేను తూనికల శాఖ మనిషినిరా!”

పందెం నోటినుంచి జారిపోయాక గానీ, తన దగ్గర వాటికి తగ్గ ఆంప్లిఫయరు లేదన్న సంగతి ఆయనకు గుర్తు రాలేదు.

మర్నాడు సాయంత్రం వాట్ల వేదాంతి దుకాణానికి పరుగెత్తాడు. మనుషుల మాట నమ్మక, మీటరు ముల్లును మాత్రమే నమ్మే ముసలాయన కనుక ఆ పేరు. మిల్లీగ్రాము ఒక సన్నటి వెండిరంగు పెట్టెను మురిపెంగా నిమిరాడు.

“దాన్ని ముట్టుకోకండి సార్. మీ స్పీకర్ల ముందు పెడితే పాపం తగులుతుంది.”

మిల్లీగ్రాము గాజు బుడ్లు మిణుకుమిణుకుమంటున్న ఇంకొకదాన్ని వేలితో చూపించాడు.

“అందంగానే ఉంటుంది. డోలు మోగితే అదే మోగిపోతుంది. మీ స్పీకర్లు సామాన్యమైనవి కావు సార్. ఎంత తెచ్చి పోసినా చాలదనే రకం. ఇల్లాలి లాంటివి.”

స్పీకర్ల గురించి నోరు విప్పితే చాలు, ఈ దుకాణాల్లో పోలికలన్నీ ఇల్లాళ్ళ మీదుగానే ఎందుకు పోతాయో తెలియదు. ఇల్లాలు అడిగినవేమిటో, ఆయన తెచ్చినవేమిటో ఏ మీటరైనా పెట్టి కొలిచి చూశారా?

చివరికి వేదాంతి ఒక మూలనున్న గుడ్డ తొలగించాడు. ఇనప్పెట్టె లాంటి నల్లటి ఆకారం. రెండు పక్కలా చేప మొప్పల్లా లోహపు రెక్కలు. మిల్లీగ్రాము చెయ్యి వేసి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

“కాలుతోందే!”

“కాలుతుంది. పాడినా కాలుతుంది, పాడకపోయినా కాలుతుంది. దాని జాతే అంత. కానీ మీ స్పీకర్లు ఎంత కరెంటు అడిగినా కాదనదు.”

వేళ్ళు ఊదుకుంటూ నిలబడ్డ మిల్లీగ్రాము బుర్రలో అప్పుడు వెలిగింది ఆ దిక్కుమాలిన దీపం. చలికాలం మొదలైనప్పటినుంచీ భార్య ఒకే మాట చెప్తోంది: అత్తయ్యకు మోకాళ్ళు పట్టేస్తున్నాయి, ఒక హీటరు తెండి. పాటల పెట్టెకు ఇంట్లో నిషేధం ఉంది. హీటరుకు లేదు!

పెట్టెను చూసి భార్య నడుము మీద చేతులు పెట్టుకుంది. “ఇదేమిటి?”

“హీటరు. నువ్వే అడిగావుగా.”

“ఈ గుండ్రటి మర?”

“వేడి పెంచడానికి.”

ఆవిడ తిప్పింది. “పెరగడం లేదే?”

“నెమ్మదిగా పెరుగుతుంది. నాణ్యమైన వేడి.”

“ద్వారపాలకుల మధ్యలో పెట్టారెందుకు? చలి వాళ్ళకా?”

“హాలు… హాలు విశాలం కదా, అందరికీ…”

“అత్తయ్య గదిలో పెట్టండి. మోకాళ్ళు హాల్లో లేవు.”

నల్ల పెట్టె అమ్మ గదికి చేరింది.

మర్నాడు ఉదయం అమ్మ ముఖం వెలిగిపోతోంది. “ఒరే నాన్నా, ఎంత మంచి హీటరురా! పాతది ముఖం మీద కొట్టినట్టుండేది. దీని వేడిలో దూకుడు లేదు. మెత్తగా వచ్చి గదంతా నిండుతోంది. అలసటే రాదు.”

ఆంప్లిఫయరు ధ్వనిని మెచ్చుకుంటూ సంగీత పత్రికల్లో నిపుణులు రాసే మాటలు అచ్చంగా ఇవే. మిల్లీగ్రాముకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

అమ్మ ఊరుకోలేదు. చుట్టాలందరికీ ఫోన్లు చేసింది. మా అబ్బాయికి నా మోకాళ్ళే లోకం అంది. ఎవరో ఒక పిన్ని అటువైపు ముక్కు చీదిన చప్పుడు కూడా వినబడింది. ఇక ఆ పెట్టెను ఆ గదిలోంచి కదిలిస్తే కన్నతల్లి మోకాళ్ళకు ద్రోహం చేసినట్టే.

సాయంత్రం గదిలోకి తొంగిచూసి ఆయన కెవ్వుమన్నాడు. ఆంప్లిఫయరు లోహపు రెక్కల మీద వరసగా మేజోళ్ళు ఆరుతున్నాయి.

“అమ్మా! దాని మీద అలాంటివి వెయ్యకూడదు!”

“ఎందుకురా? హీటరేగా?”

“హీటరే… అనుకో.”

“అనుకోవడమేమిట్రా? నువ్వేగా తెచ్చావు?”

గుమ్మంలో నిలబడ్డ భార్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దగ్గు వచ్చిందంది.

ఆదివారం వచ్చింది. మిల్లీగ్రాము ముఖం సర్వీసింగు మెకానిక్కులా గంభీరంగా పెట్టుకుని అమ్మ దగ్గరకు వెళ్ళాడు. “హీటరుకు ఒక్క పూట విశ్రాంతి ఇవ్వాలమ్మా. లేకపోతే వేడి పాడవుతుంది.”

“అలాగే నాన్నా. నాకేం పర్వాలేదు,” అంటూ అమ్మ రెండు దుప్పట్లు కప్పుకుని, కళ్ళు మాత్రం పైకి పెట్టి, వినబడీ వినబడనట్టు మూలిగింది. ఆ మూలుగు ముందు ఏ వయొలినూ నిలవదు.

గుండె రాయి చేసుకుని ఆయన పెట్టెను తివాచీ మీదకు దొర్లించి లాగడం మొదలుపెట్టాడు. ఊళ్ళో ప్రతి తూకపు రాయి బరువూ తెలిసిన మనిషికి, తన నడుము ఎంత బరువు మోయగలదో తెలియలేదు. సరిగ్గా గడప మధ్యకు వచ్చేసరికి పెట్టె ఇరుక్కుంది, ఆయన నడుమూ పట్టేసింది. లోపలినుంచి అమ్మ చేతికర్ర టకటకలాడించింది.

“ఒరే, నేను స్నానాలగదికి వెళ్ళాలిరా!”

“ఒక్క నిమిషం అమ్మా!”

“నిమిషం నా చేతిలో లేదురా!”

బయటినుంచి భార్య వచ్చింది. “హీటరు ఎటు ప్రయాణం?”

“సర్వీసుకు.”

“మన హాల్లో సర్వీసు సెంటరు ఎప్పుడు తెరిచారు?”

అంతలో వీధి తలుపు తెరుచుకుంది. పళ్ళ డాక్టరు భుజాన తాళ్ళ చుట్టతో లోపలికొచ్చాడు. “బావా! సామాను బండి మాట్లాడుకొచ్చాను. స్పీకర్లకు దెబ్బ తగలకుండా పాత పరుపు కూడా వేయించాను.” గడపలోని పెట్టెను చూడగానే వాడి నోరు తెరుచుకుంది. “అరే, ఇది ఆం—”

మిల్లీగ్రాము వంగిన నడుముతోనే రెండు కళ్ళూ కొట్టాడు.

“—అందమైన హీటరు,” అన్నాడు డాక్టరు.

భార్య బావను, బావమరిదిని, పెట్టెను వరసగా చూసింది. “ఇద్దరూ కలిసి ముందు దాన్ని వెనక్కి తొయ్యండి. అత్తయ్యకు దారి ఇవ్వండి.”

తోశారు. అమ్మ వాయువేగంతో వెళ్ళింది.

“దుమ్ము తుడుస్తూ మొదటి రోజే చూశాను,” అంది ఆవిడ చల్లగా. “దాని వెనక ఎరుపూ నలుపూ మరలు నాలుగున్నాయి. ద్వారపాలకుల వెనకా అవే ఉన్నాయి. హీటరుకు స్పీకర్లతో ఏం చుట్టరికమండీ?”

మిల్లీగ్రాము త్రాసులో దొరికిపోయిన దుకాణదారులా నేల చూపులు చూశాడు.

“మరి… పందెం…” అని గొణిగాడు.

“పందెం ఆడండి. నేనెందుకు వద్దంటాను? హీటరు మాత్రం కదలదు. ద్వారపాలకులనే అత్తయ్య గదికి మొయ్యండి.”

మోశారు. పళ్ళ డాక్టరు మోశాడు, మిల్లీగ్రాము దారి చూపించాడు. తీగలు బిగించి పాట పెట్టారు. పల్లవి నడిచింది. డోలు మీద దెబ్బ పడింది. ఎక్కడా ‘టక్’మనలేదు! కిటికీ రెక్కలు కంపించాయి, మేజోళ్ళు తాళం వేశాయి, మంచం కాలు కింద పెట్టిన చెక్కముక్క ఎగిరి అవతల పడింది. చరణం వచ్చింది. ఆ ఇంటి చరిత్రలో మొట్టమొదటి చరణం! మిల్లీగ్రాము పట్టేసిన నడుమును మరిచి గంతు వేశాడు. బావమరిది అసూయనంతా మింగి, ఓడిపోయానని చేతులు ఎత్తాడు.

“ఊరికే నిలబడకు తమ్ముడూ,” అంది అక్క. “బండి ఎలాగూ వచ్చింది. మీ ఇంట్లో పడి ఉన్న నా పుస్తకాల బీరువా పట్టుకురా. హాలు ఖాళీ అయింది కదా.”

స్నానం ముగించి వచ్చిన అమ్మ స్పీకర్లను చూసి బుగ్గన చెయ్యి పెట్టుకుంది. “హీటరుకు పాటలు కూడా పెట్టించావురా! నా తండ్రే!” మంచమెక్కి, రిమోటు అందుకుని తలగడ కింద పెట్టుకుంది. “పాట చాల్లే నాన్నా. రేడియో పెట్టు, వాతావరణం చెప్పే వేళయింది.”

పెట్టాడు. ద్వారపాలకులు గంభీరంగా గొంతు విప్పారు: ఉత్తర దిశగా గాలులు, ఉదయం మంచు. వార్తలు చదివేవాడు గుటక మింగిన చప్పుడు, కాగితం తిప్పిన చప్పుడు సహా గదంతా పరుచుకుంది.

“నా పాటలు మళ్ళీ ఎప్పుడమ్మా?” అన్నాడు మిల్లీగ్రాము, ఆరిన మేజోళ్ళు మడతపెడుతూ.

“నేను నిద్రపోయినప్పుడు పెట్టుకోరా. చప్పుడు లేకుండా.”

హాల్లో తలుపు మూసుకున్న చప్పుడైంది. అవతల భార్య కుర్చీ జరుపుకుని కూర్చుంది.

ఇక మీరు. నవ్వడం అయిందా? అయితే చదువుతున్నది పక్కన పెట్టి లేవండి. ఏదో ఒక పేరు చెప్పి మీరు ఇంట్లోకి తెచ్చిన వస్తువు ఒకటి ఉండే ఉంటుంది. మీ ఆవిడకు తెలియదన్న భ్రమ వదిలి, ఎదురుగా నిలబడి, దాని అసలు పేరేమిటో ఇప్పుడే, గొంతు తగ్గించకుండా చెప్పి రండి.