రెండు మోకాళ్లు, నూట ఎనిమిది మూలికలు

ప్రతి ఇంట్లోనూ కనీసం రెండు మోకాళ్లు నొప్పి పుట్టాలి! ఒక్కటైతే చాలదు. ఎందుకు చాలదో చెబుతాను, ఆ తర్వాత తీరిగ్గా తిట్టుకోండి.

మా అత్తగారికి కీళ్లవాతం. మెట్టు ఎక్కితే ఒక కేక, దిగితే రెండు. ఆ కేకలు తప్ప మా కుటుంబంలో ఒకరితో ఒకరికి మాటలు అంతంతమాత్రమే. అలాంటిది ఆయుర్వేద మర్దన నూనె గడపలో అడుగు పెట్టిందో లేదో, అందరూ ఒక్కటైపోయారు! పొద్దున్నే ఫోన్లు, గ్రూపు నిండా మెసేజ్‌లు, మోకాళ్ల ఫొటోలు. మా పెళ్లి ఫొటోలు కూడా ఇన్నిసార్లు ఎవరూ చూసి ఉండరు. ఇంత ఐకమత్యాన్ని ఏ మాత్ర తెచ్చిపెడుతుంది?

వచ్చిన నూనె ఒకటి కాదు. మా ఆడపడుచు ముప్పై రెండు మూలికల నూనె పంపింది. ఆవిడ తమ్ముడు మాత్రం తక్కువ తిన్నారా? మా ఆయన నలభై ఒక్క మూలికలది తెచ్చారు. కూతురి నూనె రాస్తే కొడుకు చిన్నబుచ్చుకుంటాడు. కొడుకు నూనె రాస్తే కూతురు అలుగుతుంది. అప్పుడు మా అత్తగారు ఏ జడ్జికీ తట్టని తీర్పు చెప్పారు.

"కుడి మోకాలికి దాని నూనె, ఎడమ మోకాలికి వీడి నూనె. ఏది గెలుస్తుందో చూద్దాం!"

చూశారా, ఒక్క మోకాలితో ఈ న్యాయం జరిగేదేనా?

ఇక పద్ధతి. సీసాలను వేణ్నీళ్లలో నిలబెట్టాలి. కింద పాత దుప్పటి పరవాలి. ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, చెరో చేత్తో చెరో మోకాలూ పట్టి, కింది నుంచి పైకి వంద, గుండ్రంగా వంద. రోజుకు రెండుసార్లు. ఎవరు రాయాలంటారా? అదీ ఒక ప్రశ్నేనా! ఇంట్లో ఊరికే ఉండేది నేనే కదా. ఎనిమిది నెలల పాపను చంకనేసుకుని ఊరికే ఉంటాను. ఆ రెండు వందలూ పూర్తయ్యేదాకా పాప పక్కన చాప మీద ఏడుస్తుంది. నూనె చేతులతో ఎత్తుకోలేను కదా! ఇంట్లో మిగతా చేతులన్నీ అప్పుడు ఫొటోలు తీస్తుంటాయి.

నాకు ఒరిగిన లాభాలు కూడా చెప్పాలి. నా అరచేతులు అద్దాల్లా మెరుస్తున్నాయి. తలుపు గడియ జారుతుంది, గ్లాసు జారుతుంది. సబ్బుతో మూడుసార్లు కడిగినా, పాపను ఎత్తుకుంటే ఎక్కడ జారిపోతుందోనని గుండె దడదడ. ఖర్చు లేకుండా గుండెకు వ్యాయామం! ఎడమ మణికట్టు కూడా పాప పుట్టినప్పటి నుంచి మెలిపెట్టినట్టు ఉంటోంది. కానీ నాకు ఇరవై మూడేళ్లే. ఆ వయసులో కీళ్లు నొప్పి పుట్టకూడదట. అందుకని నేను చెప్పలేదు, వాళ్లు అడగలేదు.

పది రోజులకు ఫలితాలు వెలువడ్డాయి. ఎడమ మోకాలు డెబ్బై శాతం నయం. కుడిది పదిహేను.

"చూశావా అక్కా! నలభై ఒకటంటే నలభై ఒకటే!" మా ఆయన ఫోన్లో విజయోత్సవం.

"నీదాంట్లో ఏదో కలిపి ఉంటార్రా! ఆగు, నీ సంగతి చెప్తా," అని ఆవిడ అరవై నాలుగు మూలికలది పంపింది. అదీ ఓడింది. నూనెలు తారుమారు చేసి చూశారు. ఈసారి మా ఆయన నూనె కుడి మోకాలి మీద బోర్లా పడింది. పాపం, లేబుల్‌ను తిప్పి తిప్పి నాలుగుసార్లు చదువుకున్నారు.

తప్పు నూనెలది కాదు, కుడి మోకాలే మొండిదని తేల్చి, దాన్ని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లారు. ఎత్తుకోవడానికి పాప, పట్టుకోవడానికి సంచి ఉన్నాయి కాబట్టి నేనూ వెళ్లాను.

డాక్టరు రెండు కాళ్లూ వంచి చూశారు. "రెండూ ఒకేలా అరిగాయమ్మా. కుడిదాని మీద ప్రత్యేకమైన కోపం దేనికి?"

అంతలో నేను పాపను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకోవడం ఆయన కంటపడింది. నా ఎడమ చేతి బొటనవేలు పట్టుకుని లోపలికి మడిచారు. నేను పెట్టిన కేకకు బయట పేషెంట్లు లేచి నిలబడ్డారట!

"ఎన్నాళ్ల నుంచి?"

"పాప పుట్టినప్పట్నుంచి సార్. మొన్న స్నానం చేయిస్తుంటే పట్టు తప్పింది. టబ్బులో నీళ్లు తక్కువున్నాయి కాబట్టి..."

"రోజూ రెండుపూటలా నా మోకాళ్లకు నూనె రాసేదీ మా కోడలే," అని అత్తగారు గర్వంగా అందుకున్నారు. ఎదురుగా కూర్చుని రాసేటప్పుడు అత్తగారి కుడి మోకాలు నా ఎడమ చేతి కిందికే వస్తుందని ఆయన అక్కడికక్కడే లెక్క కట్టేశారు. ఆ చేతికి పట్టీ వేసి, "నెల రోజులు దీంతో బరువెత్తొద్దు, మర్దన అసలే వద్దు," అన్నారు.

ఆ కబురుకు మా కుటుంబమంతా కరిగిపోయింది. మూడో రోజుకల్లా ఆడపడుచు నుంచి కొత్త సీసా: మరదలి మణికట్టుకు, నూట ఎనిమిది మూలికలు! మా అత్తగారు స్వయంగా మూత తీశారు.

"ఇలా రామ్మా. ఆ బాగున్న చెయ్యి చాపు."

నా కళ్లు చెమర్చాయి. చాపాను. ఆవిడ నా అరచేతి నిండా నూనె పోసి, తన కుడి మోకాలు ముందుకు జరిపారు.

"పసిపిల్లను మోసే చేతులు! ఏ నూనె పడితే అది రాసేస్తామా? ముందు నా మీద చూద్దాం. ఏమైనా అయితే నాకే అవుతుంది!"

ఇంతటి త్యాగం ఎక్కడైనా విన్నారా?

ఆ రోజు నుంచి రెండు మోకాళ్లకూ నా కుడి చెయ్యే దిక్కు. ముందు కుడిదానికి ఈ కొత్త నూనె, ఓపిక మిగిలితే ఎడమదానికి మా ఆయన నూనె. వారం తిరిగేసరికి కుడి మోకాలు ఎనభై శాతం నయం! ఎడమది నలభైకి పడిపోయింది. ఆడపడుచు గెలిచింది. మా ఆయన ఇంకో నూనె వెతుకుతున్నారు. గ్రూపులో నూట ఎనిమిది మూలికలకూ పేరుపేరునా అభినందనలు. మరో మూడు సీసాలకు ఆర్డర్ వెళ్లింది, నా మణికట్టు వంతు వచ్చేదాకా సరిపోవాలి కదా!

కాబట్టి మర్దన నూనె పనిచేయదని నా ముందు ఎవరూ అనొద్దు. బ్రహ్మాండంగా పనిచేస్తుంది. తయారుచేసేవాళ్లకు నాదొకటే మనవి. అన్ని మూలికలు వేసినవాళ్లు, ఆ సీసాకు రెండు చేతులు కూడా తగిలించండి. మోకాళ్ల సంగతి నేను చూసుకుంటాను, ఆ సీసా కాసేపు పాపను ఎత్తుకుంటే చాలు.