పైకి లేచిన పిడుగు

పిడుగు ఎటు వెళ్లాలో పిడుగుకి తెలియకపోవచ్చు గానీ, పిడుగుపాటు పరిహార విభాగానికి క్షుణ్ణంగా తెలుసు. (ఆ విభాగం జెరాక్సు షాపు మేడ మీద ఉంది.) పిడుగు పైనుంచి కిందికి రావాలి. వస్తూండగా ఫొటో దిగాలి. ఆ ఫొటో యాప్‌లోకి ఎక్కాలి. అప్పుడే నష్టం జరిగినట్టు. అందుకే నరసాపురం రేవులో ఇప్పుడు మబ్బు పడితే చాలు, జనం గొడుగుల కంటే ముందు ఫోన్లు ఎత్తుతున్నారు.

మహాలక్ష్మమ్మ కూడా అదే చేసింది. ఆమె, భర్త బుల్లియ్య బతికేది ఒక్క పడవ మీద. చేపల వేట మీద నిషేధం ముగిసి తెల్లారితే వేట మొదలని, దాన్ని ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర సిద్ధంగా కట్టి వచ్చారు. సాయంత్రం అక్కడే పిడుగు పడి పడవ, ఇంజను, వలలు మసైపోయాయి. రేవులోంచి ఆమె ఫొటోలు నొక్కుతూనే ఉంది.

చిక్కింది మాత్రం వేరే మెరుపు. అదే మబ్బు నెత్తి మీంచి ఎర్రగా చుక్కల దాకా లేచిన మెరుపు. ఇలాంటిది ఫొటోకి దొరకడం మహా అదృష్టమని కాలేజీ ఫిజిక్స్ మేడం హారతి గారు సంబరపడ్డారు. ఆ అదృష్టంతోనే మహాలక్ష్మమ్మ ఆఫీసు మెట్లెక్కింది. పొరుగువాళ్లం కాబట్టి తోడుగా నేనూ వెళ్లాను.

పరిశీలనాధికారి ఉదయభాస్కర్ గారు ఫొటోని తలకిందులుగా పెట్టి చూశారు. పిడుగు సరిగ్గానే ఉంది గానీ, ఏరు పైకొచ్చింది.

"ఇది పైకెళ్తోంది కదమ్మా! అంటే నష్టం ఆకాశానిది. అర్జీ ఆకాశం పెట్టుకోవాలి."

"కిందకీ పడిందండి బాబూ! పడవ బొగ్గైపోయిందండి."

"దానికి ఫొటో ఏది? పోనీ, అప్పుడు మీరేం చేస్తున్నారు?"

"ఏం చేస్తామండి, అర్జునా ఫల్గుణా అనుకున్నామండి."

ఆయన ముఖం వెలిగిపోయింది. "అదీ సంగతి! మీరు తలిచారు, అది వెనక్కి పోయింది. ఫొటోలో కనిపిస్తూనే ఉంది!" నష్టాన్ని అర్జీదారు స్వయంగా నివారించుకున్నారని రాసి, అభినందనలు కూడా చేర్చి సంతకం పెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"మరి మేం ఎలా బతకాలండి?" అంది మహాలక్ష్మమ్మ.

ఉదయభాస్కర్ గారు రాతిగుండె మనిషి కాదు. కుర్చీ ముందుకు జరుపుకుని మెల్లగా చెప్పారు.

"ఈసారి పిడుగులొచ్చేటప్పుడు పడవలోనే ఉండండమ్మా. మనిషి పోతే పద్దు వేరే ఉంది. అందులో ఇంతవరకూ ఒక్కరు కూడా వచ్చి ఫిర్యాదు చెయ్యలేదు."