రాగి మూత పెట్టుకున్న ఇంజనీరు

నారింజ పూలు కొన్న పూటే పొయ్యెక్కాలి. కసంతీన నగరంలో ఏ ఇల్లాలినడిగినా ఇదే చెబుతుంది. మధ్యాహ్నం నమాజు పిలుపు దాటితే అవి పూలు కావు, మేకల మేత. అందుకే ఆ వసంతపు ఉదయం వర్దియా తెల్లారుతూనే సంతకు పోయి నాలుగు కిలోల పూలు తెచ్చి, తెల్ల దుప్పటి మీద పరిచి, పూలనీళ్ళు దించే రాగి బట్టీని తళతళలాడేలా తోమింది. అప్పుడు గుర్తొచ్చి నెత్తి కొట్టుకుంది. బట్టీ మీద బోర్లించే గుమ్మటం లాంటి మూతను నిరుడు చెల్లెలు యమీనా పట్టుకుపోయింది. తిరిగివ్వలేదు. యమీనా ఇల్లేమో లోయకు అవతలి గట్టున.

"ఏమయ్యా, మా అన్నకు వేలాడే వంతెన చూపిస్తానన్నావుగా. దాని మీదుగా అటే పోయి మూత పట్టుకురా. నమాజు పిలుపు వినపడేలోగా ఇంట్లో ఉండాలి. లేదంటే ఏడాది పొడుగునా కాఫీలో పూలనీళ్ళ ఊసెత్తకు" అంది మొగుడితో.

మొగుడు లార్బీ వృత్తికి దర్జీ. మెళ్ళో కొలతల టేపు లేకుండా గడప దాటడు. ఊరేమో రుమ్మెల్ నది నిలువునా కోసిన లోయ అంచున, కొండ నెత్తిన కూర్చుని ఉంటుంది. అటూ ఇటూ పట్టి ఉంచిన వంతెనలు లేకపోతే ఎటు జారిపోయేదో అనిపిస్తుంది. అలాంటి ఊళ్ళో పుట్టి యాభై ఎనిమిదేళ్ళు బతికిన లార్బీకి ఎత్తంటే చచ్చేంత భయం. తప్పనప్పుడు రాతి వంతెన మీద టాక్సీలో పోతాడు. అదీ నడి సీట్లో కూర్చుని, కళ్ళు మూసుకుని, జపమాల తిప్పుకుంటూ. చూసినవాళ్ళు భక్తి అనుకుంటారు. వేలాడే వంతెన మీదికి ఎనిమిదో ఏట తండ్రి వేలు పట్టుకుని ఒక అడుగు వేశాడు. రెండో అడుగు ఇంతవరకూ వెయ్యలేదు.

ఈ సంగతి ఎవరికీ తెలియదు. తెలియకపోగా, అత్తవారి ఊరు తుగ్గుర్తులో, ఆ ఎడారి చదునులో, ఏ పెళ్ళి జరిగినా ఖర్జూరాలు నములుతూ ఇదే కథ ఎత్తుకునేవాడు. "మా వంతెన మీద నిలబడితే కాకులు మన కాళ్ళ కింద ఎగురుతాయి. వాటి వీపులు కనపడతాయి! పొద్దున్నే అటూ ఇటూ ఒకసారి నడిస్తేగాని నాకు కాఫీ దిగదు" అనేవాడు. పదిహేనేళ్ళు విని విని, వర్దియా అన్న మదనీ ఈసారి సంచీ సర్దుకుని వచ్చేశాడు. లార్బీ భయం మదనీకి తెలిసిందా, వారం తిరక్కుండా తుగ్గుర్తులో ఒంటెలకు కూడా తెలుస్తుంది.

సందు చివర కాఫీ కొట్లో మదనీ గ్లాసు కింద పెట్టాడు. "ఇక పద బావా, ఆ కాకుల వీపులేవో చూసేద్దాం."

"అయ్యో బావగారూ, చెప్పడం మరిచాను" అన్నాడు లార్బీ. "ఇవాళ ఆ వంతెన మూసేశారు. తీగలకు నూనె పెడుతున్నారట."

మదనీ పొడుగ్గా ఊపిరి వదిలాడు. లార్బీ దాన్ని నిరాశ అనుకున్నాడు. ఇద్దరూ టాక్సీ ఎక్కి రాతి వంతెన మీదుగా యమీనా ఇంటికి పోయారు.

కాని ఆ మాట కాఫీ కొట్లో ఉండిపోలేదు. గ్లాసులు తీస్తున్న జుబీరు చెవిన పడింది. జుబీరు బయట నిలబడ్డ టాక్సీవాళ్ళకు చెప్పాడు. టాక్సీలన్నీ రాతి వంతెన వైపు తిరిగాయి. టాక్సీలే తిరిగాయంటే ఏదో ఉండే ఉంటుందని లారీలు, బస్సులు తిరిగాయి. వేలాడే వంతెన దగ్గర కాపలా ఉన్న పోలీసు అరగంట సేపు ఖాళీ రోడ్డు చూశాడు. మూసెయ్యమని ఆర్డరు వచ్చే ఉంటుంది, తనకే చేరలేదు అనుకున్నాడు. మాట పడటం ఎందుకని రెండు కొసలా అడ్డకర్రలు దించేయించాడు. దాంతో లార్బీ అబద్ధం ప్రభుత్వ ఉత్తర్వైపోయింది.

యమీనా మూత ఊరికే ఇవ్వలేదు. ఎప్పుడో గాని రాని బావ ఇంటికొస్తే అక్రోటు మిఠాయి తినకుండా పోతాడా? తిన్నారు, తాగారు, లేచారు. తిరుగు టాక్సీ రాతి వంతెన అల్లంత దూరాన ఉండగానే ఆగిపోయింది. ముందూ వెనకా బండ్లే. లార్బీ ఒళ్ళో రాగి మూత, మనసులో వర్దియా మొహం.

"ఆ వంతెన మూసినవాడెవడోగాని, వాడి చేతులు పడిపోను!" అన్నాడు టాక్సీవాడు.

"మా బావకు ముందే తెలుసు" అన్నాడు మదనీ గర్వంగా. "పొద్దున్నే చెప్పాడు. తీగలకు నూనె పెడుతున్నారని."

టాక్సీవాడు వెనక్కి తిరిగాడు. మెళ్ళో కొలతల టేపు చూశాడు. ఒళ్ళో వింత రాగి యంత్రం చూశాడు. తల కిటికీలోంచి బయటపెట్టి కేకేశాడు. "ఒరేయ్, ఇంజనీరు ఇక్కడే ఉన్నాడ్రోయ్!"

లార్బీ నోరు తెరిచేలోగా జనం టాక్సీ తలుపు తెరిచేశారు. "నేను దర్జీనిరా నాయనా!" అన్నాడు. "అవునవును, మేమంతా మంత్రులం" అన్నాడొక లారీ డ్రైవరు రెక్క పట్టుకుంటూ. పది నిమిషాల్లో అతన్ని ఎక్కడికి పోకూడదనుకున్నాడో అక్కడికే చేర్చారు.

పోలీసు ప్రాణం లేచొచ్చినట్టు ఎదురొచ్చాడు. "వచ్చావా బాబాయ్! నూనె పెట్టడం అయిందా? తెరవమంటావా?"

"తెరువు, తెరువు" అన్నాడు లార్బీ.

"అంత తేలిగ్గానా?" అని జనంలోంచి ఒక ముసలామె అడ్డుతగిలింది. "నూనె పెట్టిన తీగలు జారితే? ముందు నువ్వు నడిచి చూపించు. ఆ తర్వాత మా పిల్లలు నడుస్తారు."

జనమంతా ఔనన్నారు. లార్బీ మదనీ వైపు చూశాడు. మదనీ కళ్ళు ఇంతింత చేసుకుని చూస్తున్నాడు. అబద్ధమాడానంటే తుగ్గుర్తులో పరువు పోతుంది. నడిస్తే ప్రాణం పోతుంది. నిలబడితే పూలు పోతాయి. అడ్డకర్ర అవతల వంతెన గాలికి సన్నగా ఊగుతోంది. దాని కింద, ఎక్కడో పాతాళంలో, కాకులు ఎగురుతున్నాయి. వాటి వీపులు నిజంగానే కనపడుతున్నాయి.

లార్బీ బిస్మిల్లా అన్నాడు. రాగి మూతను తలమీద బోర్లించుకుని గడ్డం దాకా లాక్కున్నాడు. ఎడమ చేత్తో కమ్మీ పట్టుకుని అడుగు వేశాడు. యాభై ఏళ్ళ తర్వాత, రెండో అడుగు.

"అదేంట్రా?" అన్నారెవరో వెనక.

"తీగల చప్పుడు వినే యంత్రం. డాక్టర్ల దగ్గరుండదూ, అలాంటిదే" అన్నాడు టాక్సీవాడు, పుట్టినప్పటి నుంచి తెలిసినట్టు.

మూతలో చీకటి. తన ఊపిరి తనకే తుఫానులా వినపడుతోంది. చెమట చెవుల వెనక నుంచి కాలువ కట్టింది. నడి వంతెన మీద గాలి ఒక తోపు తోసేసరికి లార్బీ పక్కకు తూలాడు. తలమీది మూత వెళ్ళి ఇనప తీగకు కొట్టుకుని డంగుమంది. ఆ మోతకు అక్కడే కూలబడ్డాడు.

"తీగను పరీక్ష చేస్తున్నాడు!" అన్నారు గట్టు మీది జనం. "చూశారా, కూర్చుని కింద కూడా వింటున్నాడు. పనంటే అదీ!"

చప్పట్లు మోగాయి. పాక్కుంటూ, లేస్తూ, డంగుమంటూ లార్బీ అవతలి కొస చేరాడు. అడ్డకర్రలు లేచాయి. బండ్ల హారన్లు పెళ్ళి ఊరేగింపులా మోగాయి. అతను మూతను నుదుటి మీదికి నెట్టుకుని, వెనక్కి చూడకుండా ఇంటికి పరుగెత్తాడు. వీధి మలుపు తిరుగుతుండగా మసీదు నుంచి పిలుపు మొదలైంది.

వర్దియా వాకిట్లోనే కాచుకుని ఉంది. మొగుడి తలమీది మూత ఊడబెరికి, తుడిచే తీరిక లేక అలాగే బట్టీ మీద బోర్లించి, ఆవిరి పోకుండా అంచుకు పిండి పట్టించి మంట పెట్టింది. పిలుపు ముగిసింది. పూలు దక్కాయి.

మదనీ రాతి వంతెన మీదుగా టాక్సీలో గంట తర్వాత వచ్చాడు. చెల్లెలు వంటింట్లో ఉందని చూసుకుని బావ పక్కన కూలబడ్డాడు.

"నీకో దణ్ణం బావా. నీ దగ్గర దాచేదేముంది, నాకు ఇసుక దిబ్బ ఎక్కితేనే కళ్ళు తిరుగుతాయి. పదిహేనేళ్ళు నీ మాటలు విని, పిరికివాడంటావేమోనని వచ్చాను. పొద్దున వంతెన మూశారనగానే పొట్టేలును కోసి దానం చేస్తానని మొక్కుకున్నాను. ఈ మాట మాత్రం మా చెల్లికి చెప్పకు."

లార్బీ చెమటకు తడిసిన కొలతల టేపును మెళ్ళో సర్దుకున్నాడు.

"చెప్పనులే బావగారూ" అన్నాడు గంభీరంగా. "మెల్లగా అలవాటవుతుంది."

ఆ ఏటి పూలనీళ్ళలో ఎందుకో కాస్త ఉప్పు తగులుతోందని తుగ్గుర్తు చుట్టాలందరూ అన్నారు.