సమాధుల తోటలో టిఫిన్ డబ్బా

సమాధుల మధ్య ఫోన్ పట్టుకుని తిరిగే కుర్రకారును తిడుతున్నారా? తప్పండీ! జంటనగరాల్లో చరిత్రను, పారిశుద్ధ్యాన్ని ఒంటిచేత్తో ఉద్ధరిస్తున్నది వాళ్లే!

నమ్మరా? అయితే అల్వాల్ సింధూర సంగతి వినండి.

సింధూరకు జియోకాషింగ్ పిచ్చి. అంటే ఏం లేదు, ఎవరో ఎక్కడో ఓ డబ్బా దాస్తారు, ఫోన్ దారి చూపిస్తుంది, వెతికి పట్టుకుని అందులోని కాగితం మీద సంతకం చేసి మళ్లీ అక్కడే పెట్టాలి. బహుమతి? యాప్‌లో ఓ నవ్వు బొమ్మ! దానికోసం ఆదివారాలు సికింద్రాబాద్ పాత సమాధుల తోటలో పాకుతూ, కలరాకు పోయిన దొరల పేర్లన్నీ కంఠతా పట్టేసింది. సొంత ముత్తాత పేరడిగితే మాత్రం గూగుల్ చేస్తుంది!

అక్కడే ప్రేమమణి కనిపించింది. బోయిన్‌పల్లి పెద్దామె, రిటైరైన నర్సు. తుమ్మపొదల ముందు నిలబడి అటే చూస్తోంది.

“ఏం దేవులాడుతున్నవ్ బిడ్డా?”

“డబ్బా ఆంటీ!”

“నీకు డబ్బన్న దొరుకుతది. నాకు మా ఆయనే దొరుకుతలేడు. గీ తుమ్మల వెనకాలనే పండుకున్నడు. కమిటీకి చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. పోయినేడు సమాధుల పండుగకు గేటు కాడనే కొవ్వొత్తి వెట్టి ఇంటికొచ్చిన.”

పండుగ దగ్గరికొచ్చేసింది! సింధూరకు ఐడియా తట్టింది. ఆ పొదల్లో తనే డబ్బా దాస్తే? ఆటగాళ్లు ఎగబడతారు, తొక్కిడికి దారి దానంతటదే పడుతుంది! ఇంట్లోంచి స్టీలు టిఫిన్ డబ్బా తెచ్చి, వాన పడుతుందేమోనని నల్ల టేపు చుట్టి, వైరుతో తుమ్మకొమ్మకు కట్టి, యాప్‌లో ఆ చోటు పెట్టేసింది.

మీకర్థమైందిగా? ఆమెకు కాలేదు!

ఆటగాడు ఒక్కడూ రాలేదు. ముళ్లంటే చరిత్రకారులక్కూడా భయమే! పండుగ పొద్దున వాకింగ్‌కొచ్చిన ఓ పెద్దాయన డబ్బాను చూసి, బాంబనుకుని పోలీసులకు ఫోన్ కొట్టాడు. జీపులు! కుక్క! హెల్మెట్లు! తెరిస్తే కాగితం, పెన్సిలు, కీచైను. కాగితం మీద రాసిపెట్టిన ఫోన్ నంబరుతో సింధూరను పిలిపించారు. అయినా ఇంకెన్ని ఉన్నాయోనని గొడ్డళ్లతో మనుషుల్ని దింపి, మధ్యాహ్నానికల్లా తుమ్మలన్నీ నరికించేశారు. కమిటీ సెక్రటరీ పరుగున వచ్చి, ఈ పని తమ ప్లాన్‌లో ఎప్పటినుంచో ఉందన్నాడు!

“ఏందమ్మా గీ తమాషా? కేసు పెట్టాల్నా?” ఇన్‌స్పెక్టర్ సింధూర మీద విరుచుకుపడ్డాడు.

అప్పుడే వచ్చిన ప్రేమమణి ఆయన్ని చూడనైనా చూడలేదు. మోళ్లు దాటుకుంటూ వెళ్లి, కొంగుతో రాయి తుడిచింది. “జెర లేటైంది, కోపం చెయ్యకు” అంటూ కొవ్వొత్తి వెలిగించింది.

ఇన్‌స్పెక్టర్ టోపీ తీశాడు. సింధూరను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

“మా స్టేషన్ వెనక నాలా ఉందమ్మా. పూడిక తియ్యమని రాసి రాసి పరేషానైతున్నం. గక్కడ సుత గీ ఆట ఆడొచ్చా?”