చిట్టడవి మీద అక్రమ అంతస్తులు

దేశంలోని గడ్డిపరక మొదలు మహావృక్షం దాకా ప్రతి మొక్కకూ కంప్యూటరులో శాశ్వత నివాసం కల్పించాలని వృక్షసంపద శాఖవారు సంకల్పించారు. నేలమీద వాటి నివాసం సంగతి వేరే శాఖ చూసుకుంటుంది గనక ఆ ప్రస్తావన ఇక్కడ అనవసరం. ఎక్కడ ఏ మొక్కలు ఎంత మేర పరుచుకుని ఉన్నాయో కొలిచి, పాత సర్వేలూ కొత్త సర్వేలూ ఒకేచోట చేరిస్తే, ఏది మిగిలిందో ఏది పోయిందో పరిశోధకులు కూర్చున్నచోటి నుంచే చెప్పగలరు. లేచి వెళ్లి చూడవలసిన అగత్యం ఉండదు.

ఈ మహత్కార్యంలో కొలిచే బాధ్యత మొక్కల మేడంది. ఆవిడ చాలాకాలంగా తాత్కాలిక ఉద్యోగి. ఈ కంప్యూటరు సమాచార నిధి ప్రారంభమైన రోజే పర్మనెంటు చేస్తామని డైరెక్టరుగారు మాటిచ్చారు. ఆఫీసు వెనకున్న చిట్టడవిలో ఆవిడ తాళ్లు కట్టి, గళ్లు గీసి, మోకాళ్లమీద పాకి, ఒక్కో మొక్కనూ పేరుపేరునా పలకరించి మరీ కొలిచింది. ఆ చిట్టడవంటే ఆవిడకు ప్రాణం. మండుటెండలో కూడా అక్కడ అడుగుపెడితే ఒళ్లు చల్లబడేది.

తీరా అంకెలు ఎక్కించబోతే కంప్యూటరు ఎర్రబడింది. పైన చెట్ల కొమ్మలు కప్పిన నేల డెబ్బై శాతం, వాటికింద పొదలు కప్పింది యాభై, ఇంకా కింద గడ్డీ నాచూ కలిపి అరవై. వెరసి నూట ఎనభై.

"సిస్టం తీసుకోవట్లేదు మేడం, వంద దాటకూడదట," అన్నాడు ఆపరేటరు. ఆ శాఖలో ఈ తీర్పుకు అప్పీలు లేదు.

ఇంటికెళ్లి గోడు వెళ్లబోసుకుంటే అత్తగారు తేలిగ్గా తీసిపారేసింది. "దీనికింత బెంగెందుకే? వందని రాసి పారెయ్. నా వయసు నేను తగ్గించి చెప్పట్లేదూ?"

"కొలిచిందే రాస్తానత్తయ్యా. అంకె మాత్రం మార్చను," అంది మేడం, గర్వంగానే.

మర్నాడు ప్లాస్టిక్ మొక్కలతో కళకళలాడుతున్న సమావేశపు గదిలో విచారణ కమిటీ కూర్చుంది.

"నేలెంతుంటే అంతే కదమ్మా మొక్కలుండాలి? వంద గజాల్లో నూటెనభై గజాల అడవెలా పట్టింది?" అన్నారు డైరెక్టరుగారు.

"ఒకదాని మీద ఒకటుంటాయి సార్. మూడంతస్తుల ఇల్లనుకోండి."

ఇల్లనుకోమనడం ఆవిడ చేసిన పొరపాటు. కమిటీలో కట్టడాల శాఖ అధికారి కూడా ఒకాయన ఉన్నారు. అంతదాకా కునికిపాట్లు పడుతున్నవారు కాస్తా కళ్లు తెరిచారు.

"మూడంతస్తులకి పర్మిషనుందా?"

లేదు. అడవి పుట్టినప్పటినుంచీ ఏ ఆఫీసులోనూ దరఖాస్తు పెట్టుకున్న పాపాన పోలేదు. సిస్టం మారుద్దామంటే టెండర్లు పిలవాలి, నిపుణుల సంఘం వెయ్యాలి, ఆ సంఘం విదేశాల్లో అధ్యయనం చేసి రావాలి. అడవిని మార్చడానికి నాలుగు రంపాలు చాలు.

డైరెక్టరుగారు లేచి గొంతు సవరించుకున్నారు. "మా మొక్కల మేడం నిప్పులాంటి మనిషి. ప్రాణం పోయినా దొంగంకె రాయదు. అలాంటి మనిషిని అంకె మార్చమనడం మహాపాపం. కాబట్టి అంకెల జోలికి మనం పోవద్దు. అడవినే సరిచేద్దాం. వందకి పైనున్న అక్రమ అంతస్తుల్ని సగౌరవంగా తొలగిద్దాం!"

చప్పట్లు మారుమోగాయి. అలవాటు కొద్దీ తనూ రెండు చరిచాక గానీ మేడం బుర్రకు విషయం ఎక్కలేదు.

వరండాలో ఆయన వెంటపడింది. "సార్, నాదే పొరపాటు. వందే రాస్తాను. తొంభై రాయమన్నా రాస్తాను. చెట్ల జోలికి పోవద్దు సార్, మీకు దణ్ణం పెడతాను."

"ఛఛ! శాఖ రికార్డులో అబద్ధమా? మీ నోట ఈ మాట వింటాననుకోలేదమ్మా."

జీవితంలో మొదటిసారి అబద్ధం రాయడానికి సిద్ధపడితే, పుచ్చుకునే నాథుడు లేకపోయాడు. ఆవిడ గోడకు చేరగిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. అంతటి కర్తవ్యదీక్ష ఉన్న ఉద్యోగులు అరుదని డైరెక్టరుగారు పక్కవారితో అన్నారు.

కూల్చివేత నిబంధనల ప్రకారం పై అంతస్తుతో మొదలైంది. చెట్లు పోయాక పొదలు వాడాయి, పొదలు వాడాక నాచు అప్పడంలా ఎండింది. మేడం మళ్లీ తాళ్లు కట్టి కొలిచింది. పదకొండు శాతం. కంప్యూటరు మారుమాట లేకుండా పచ్చబడి, కృతజ్ఞతలు కూడా తెలిపింది. సమాచార నిధి ఘనంగా ప్రారంభమైంది. ఒక్క తప్పుకూడా లేనందుకు ప్రశంసాపత్రం వచ్చింది. మేడం పర్మనెంటయింది.

ఆ ఉత్తర్వు చేతిలో పట్టుకునే ఆవిడ ఆపరేటరును అడిగింది. "నూటెనభై అంటే అంత గోల చేసిందే, పదకొండంటే ఏమీ అనదేం?"

"ఎందుకంటుంది మేడం? బయట ఎవరన్నా అన్నారా?"

మేడం కిటికీలోంచి చూసింది. పక్క వీధివాళ్లు, అంటే మీలా నాలా నాలుగక్షరాలు నేర్చి, అడవుల గురించి ఎక్కడేం రాసినా అయ్యో అనుకుంటూ చదివేవాళ్లు, నరికిన చెట్ల మొదళ్ల మధ్య చదునైన నేలమీద సున్నంతో గీతలు గీసుకుంటున్నారు. ఎవరి కారు ఎక్కడ నిలపాలన్న దగ్గర మాత్రం పెద్ద గొడవే అవుతోంది.