నిర్జనత్వ పరిరక్షణ

చచ్చిన ఊరిని చచ్చినట్టే కాపాడటంలో మా అటకామా ఎడారి నిర్జనత్వ పరిరక్షణ సంస్థకు సాటి వచ్చేది భూప్రపంచంలో లేదు.

శాంతా ఎల్విరా అనే ఆ ఊరి చరిత్ర చిన్నదే. సురేకారం దొరికింది, కంపెనీ ఊరు కట్టింది. గిరాకీ పోయింది, మూడు రోజుల్లో ఖాళీ చేయమంది. (తలుపులు పట్టుకుపోరాదని షరతు. పిల్లల్ని తీసుకుపోవచ్చు.) సమాధుల మాట ఎవరూ ఎత్తలేదు. నలభై ఏళ్ళ తర్వాత సంస్థ వచ్చి కంచె వేసి, మొదటి నియమం రాసింది: ఊళ్ళో మనిషి కనబడితే నిర్జనత్వానికి భంగం.

ఎనభై మూడేళ్ళ ఫిదేలా చోకేకి ఇది తలకెక్కలేదు. ఆమె కొడుకు ఎలియాస్, నాలుగేళ్ళవాడు, ఆ ఊరి శ్మశానంలోనే ఉన్నాడు. ఎడారిలో పువ్వు పూయదు కాబట్టి అక్కడివాళ్ళు పాలడబ్బాల రేకు కత్తిరించి, రంగులేసి దండలు చేస్తారు. ఏటా నవంబరు ఒకటిన, సకల పునీతుల పండుగకి, సమాధి మీద పాతది తీసి కొత్తది వేస్తారు. ఫిదేలా అరవై ఏళ్ళుగా ఒక్క ఏడూ తప్పలేదు.

కంచె పడ్డాక ఇదే మొదటి పండుగ. ఈసారి కాపలాదారు నిబాల్దో ఆమెను గేటు దగ్గరే ఆపాడు.

"కొత్త దండ కుదరదు మామ్మా. లోపలున్న తుప్పు దండ సంస్థ ఆస్తి. నంబరు కూడా పడింది."

"అది నేను పోయినేడు చేసిందేరా!"

"పురాతనమని రాశారు మరి."

"సరే, నన్నన్నా పోనీ."

"ఫారంలో 'ఈ ఊరివాళ్ళు' అనే గడి లేదు. సందర్శకులకేమో నవంబరంతా సెలవు."

"నా కొడుకుని కంచెలోంచి చూసి పొమ్మంటావా, నీ మొహం మండ!"

నిబాల్దో తాత అక్కడే రొట్టెలు కాల్చినవాడు. రేకు కోసుకుపోయిన ముసలమ్మ వేళ్ళు చూసి అతని మనసు చివుక్కుమంది. ఫారం తిరగేశాడు. మిగిలిన గడి ఒక్కటే: వస్తువులు.

"వస్తువు 4118. ముసలమ్మ, ఒకటి. ఈ ఊరిదే. దండతో సహా. అక్కడక్కడ పగుళ్ళు."

"పగుళ్ళు రాయాలిట్రా?"

"రాయకపోతే నకిలీ అంటారు మామ్మా."

మెడలో చీటీ కట్టించుకుని ఫిదేలా లోపలికి వెళ్ళింది, దండ వేసింది, కరువుతీరా ఏడ్చింది. సాయంత్రం ఇంటికి దింపబోతే నిబాల్దోకి తర్వాతి పేజీ కనబడింది: వస్తువును కదిలించాలంటే శాంతియాగోలోని ప్రధాన కార్యాలయం అనుమతి కావాలి. అర్జీ పంపాడు.

"రానీలేరా. వాడు అరవై ఏళ్ళుగా ఒక్కడే ఉన్నాడు, నాకేం తొందర?" అంది ఆమె.

అలా కాపలా గదిలోనే ఉండిపోయింది, నిబాల్దోకి ఇంత వండిపెడుతూ, పొద్దున్నే కొడుకు దగ్గర కూర్చుని కబుర్లు చెబుతూ. (తనిఖీకి వచ్చిన అధికారి ఆమె దుమ్ము దులిపించమని రాసిపోయాడు.)

పద్నాలుగు నెలలకి జవాబు వచ్చింది: "వస్తువు 4118ని కదిలించరాదు. ఉన్నచోటే శాశ్వతంగా ఉంచవలెను."

అప్పటికి ఆమెను ఎలియాస్ పక్కన పూడ్చి రెండు నెలలైంది. సంస్థ ఉత్తర్వుల్లో పొల్లుపోకుండా అమలైంది ఇదొక్కటే.