గ్రహాంతర సైన్యమూ, చిట్టెమ్మ కొబ్బరికాయా

చేయవలసిన కార్యములివి: వేకువనే తలస్నానము, గోల్‌బజారున కొబ్బరికాయను చెవికడ ఆడించి, గర్భమున జలము కలదని నిశ్చయించుట, దానికి పసుపు పూసి కుంకుమబొట్టు పెట్టుట, చిట్టెమ్మ మోకాళ్ళకు తైలమర్దనము, పిదప సినిమాహాలున దేవుని దర్శించుట.

మొదటి నాలుగూ మధ్యాహ్నానికే ముగిసినవి. అయిదవదే, అహో, మహాసంగ్రామమైనది!

ఇంజన్ల కూతలే మేలుకొలుపులుగా, వర్క్‌షాప్ సైరనే శంఖారావముగా, రైలుపట్టాల జటాజూటమును ధరించి నానాభాషాకలకలసంకులమై వెలుగొందు ఖరగ్‌పూర్ మహాపట్టణమున, ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్లలో, కీర్తిశేషుడు ఫిట్టర్ నూకయ్య వంశాంబుధికి చంద్రుడై, ఆ యింట తొలిసారి డిగ్రీ పట్టా చేపట్టిన ధీరుడై, అమర్‌నాథ్ అను మనుమడు కలడు. "నా మనవడు పాసైతే ఆడితో దేవుడి సినిమాకెల్లి, దేవుడు తెర మీదకి రాగానే కాయ కొడతాను" అని వాని మామ్మ చిట్టెమ్మ మొక్కియుండెను. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో, రైల్వే మైదానమున దుప్పటి కట్టి భక్తిచిత్రము లాడించునపుడు, దేవుడు కనబడిన క్షణమున కాయలు ఫెళఫెళ పగులుట అక్కడి ఆచారము. మొక్కు తీరువరకు పచ్చిగంగైనా ముట్టనని, సినిమాకు బయలుదేరు నాటి ఉదయమే ఆమె శపథము పట్టెను.

చిత్రమును ఎంచినవాడు అమర్‌నాథే. పోస్టరుపై ఆకాశమున దివ్యజ్యోతి. దాని క్రింద మోకరిల్లి చేతులు జోడించిన తెల్లగడ్డపు వృద్ధుడు. విశ్వాసమే గెలుచునని ఇంగ్లీషున ఒక వాక్యము. పట్టభద్రుడు గదా, చదివెను. దేవుని చిత్రమేనని తేల్చెను. ఆ జ్యోతి అన్యగ్రహవాసుల విమానపు హెడ్‌లైటని పాపమతడెరుగడు.

హాలు ద్వారమున, నీలిచొక్కాయే కవచముగా, టార్చిలైటే గదగా, కాపలాదారు రాబిన్ అడ్డు నిలిచెను.

"కొబ్బరికాయా? బయటి తిండి లోపలికి మనా హై మామ్మా."

అంతట చిట్టెమ్మ కొంగు నడుమున దోపి, ప్రళయమేఘగంభీరస్వనంబున నిట్లనెను: "తిండేటి బాబూ! పొద్దుట్నించి నోట్లో సుక్క నీలు పోసుకోనేదు నాను. ఇది దేవుడి సొమ్ము. దేవుడొస్తే మీ సమోసా కొట్టమంటావేటి?"

రాబిన్ ధైర్యపర్వతము కంపించెను గాని కూలలేదు. ఆ చిత్రమును రోజూ తలుపుసందున చూచుచున్నవాడు గనుక ఏదో అనబోయి, ఆమె ఎండిన పెదవులు చూచి మానుకొనెను. "నా కుర్చీ కింద పెడతాను. దేవుడొస్తే కేకెయ్యి, నేనే పట్టుకొస్తాను. ఠీక్ హై?"

"ఠీక్ హై. కాలు తగలనీకు, బొట్టెట్టినాను."

సంధి కుదిరెను. చిత్రము మొదలయ్యెను.

దేవునిపై అలిగిన ఒక ముసలి ఫాదరీ. పాలపుంత దాటివచ్చి మేఘముల మాటున పొంచిన గ్రహాంతర మహాసైన్యము. ఆ సైన్యము దిగదు, పోరదు, పోదు. ఫాదరీ కిటికీ చూచును, ఏడ్చును. ఏడ్చి, మరల కిటికీ చూచును. ముందువరుసలో ఎవరో గురక తీసిరి.

"దేవుడెప్పుడొస్తాడ్రా అమరూ?"

"ఇంటర్వెల్ తరవాత మామ్మా."

ఇంటర్వెల్ కడచెను. ఎట్టకేలకు ఒక్క గ్రహాంతరవాసి, మెడకడ రబ్బరు తొడుగు ముడుతలు పడగా, గుమ్మములో నిలిచి, ప్రార్థించుచున్న ఫాదరీని చూచి, వచ్చినదారినే మరలెను. వానివెంట సైన్యమంతయు మరలెను. ఎందుకు మరలెనో తీసినవారికైనా తెలిసియుండదు. దీపములు వెలిగినవి.

"ఈడేనేటిరా?"

"కాదు మామ్మా."

"మరి దేవుడేడీ?"

'వచ్చి వెళ్ళాడు, నువ్వు కునుకు తీశావు' అనుట ఎంత సులువు! అమర్‌నాథ్ హృదయకురుక్షేత్రమున అసత్యసేన అక్షౌహిణులుగా మోహరించెను. అతడొక్కడే దానిని చెండాడి, తలవంచి పలికెను: "రాలేదు మామ్మా. పోస్టరు సూసి నేనే పొరబడ్డాను. అనవసరంగా నీ కడుపు మాడ్చినాను."

చిట్టెమ్మ పకపక నవ్వెను. "ఓస్, దానికేటిరా! కనపడకపోతే దేవుడు లేనట్టేటి? మీ తాత నైట్ డూటీలు సేసినన్నాల్లు నాకు కనపడినాడేటి? ఇల్లు నడవనేదా? ఆ రబ్బరోల్లు ఊరికినే ఎల్లిపోనారేటి? ఎవుడో తోలినాడు. నడు, కాయ కొడదాం."

బయట రాబిన్ కాయతో సిద్ధముగా నుండెను. "లోపల టైల్స్ పగిల్తే మేనేజర్ నన్ను పగలగొడతాడు. ఇటు రా మామ్మా." సైకిల్ స్టాండు ప్రక్కన, కంబముగా పాతిన పాత రైలుపట్టా ముక్క, దాని వెనుక గోడపై ఆ పోస్టరే. చిట్టెమ్మ చేతులు జోడించిన ముసలివానిని ఎగాదిగా చూచెను.

"పాపం, ఈడికీ దేవుడు కనపడనేదు. ఈడి పేరున కూడా కలిపి కొడతాను."

ఎత్తెను! దిక్కులు నివ్వెరపోవ, సైకిళ్ళు స్తంభింప, కొట్టెను! ఒక్క దెబ్బకే కాయ ఫెళ్ళున రెండు సమభాగములై, గర్భజలము రాబిన్ బూట్లను అభిషేకించెను. జయము! మొక్కు తీరెను, ఉపవాసము విడెను; ముగ్గురూ నిలువుకాళ్ళపైననే కొబ్బరి నమిలిరి.

ఓ పాఠకులారా, ఆ సినిమాను మీరు చూడకున్నను నష్టములేదు. ఆ సైన్యమును మరచినను దోషములేదు. కాలు తగులునేమోనని, ఆట ముగియువరకు తన కుర్చీలో తాను కూర్చుండక నిలిచియున్న రాబిన్‌ను మాత్రము ఒకమారు తలచుకొనుడు.